అడిగేది ఎవరో తేల్చకుండా జవాబివ్వొద్దు

తంబళ్లపల్లెలో ఒక ముసలామె రేషన్ బియ్యం తెచ్చుకోవాలంటే ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టాలి. చేలో పనిచేసి గీతలు అరిగిపోయిన వేలు. ముద్ర పడకపోతే కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టాలి. తానెవరో రుజువు చేసుకుంటేనే ఆమెకు బియ్యం.

ఆమెలాంటివాళ్ల వివరాలు చూడవచ్చినవాణ్ని మాత్రం ‘నువ్వెవరు?’ అని అడిగిన దిక్కు లేదు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, బ్యాంకు ఖాతా కూడా అందులోనే. ఆ వెంటనే ఉపాధి హామీ కూలీల ఆధార్ నంబర్ల సంగతి కూడా వెలుగులోకి వచ్చింది: 89 లక్షల మందివి. దీన్ని సాంకేతిక లోపమంటే నేనొప్పుకోను. పేదవాడి వివరాలకు కాపలా అక్కర్లేదనుకున్న అహంకారమిది.

ఇప్పుడు లాగిన్ పెట్టాం కదా అంటారు. పెట్టి ఏం లాభం? లాగిన్ దాటాక యూజర్ ఐడీని మళ్లీ ఫోన్ నుంచే పంపించుకుంటున్నారు. 1041 బదులు 1042 అని మార్చి పంపితే పక్కింటివాళ్ల పాస్‌బుక్ తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ ప్రమాదాల జాబితాలో 2019లోనూ, 2023లోనూ మొదటి స్థానం ఈ తరహా తప్పుదే.

దీనికి మందు ఎప్పుడో ఉంది. ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో, లాగిన్ అయినప్పుడు ఇచ్చిన టోకెన్ సంతకం సరిచూశాక, అడిగే మనిషి ఎవరో కంట్రోలర్‌లోని ‘యూజర్’ ప్రాపర్టీలో సిద్ధంగా ఉంటుంది. అన్ని కంట్రోలర్లకూ కలిపి ఒక బేస్ కంట్రోలర్ రాసి, అందులో ఒకే ఒక ప్రాపర్టీ పెట్టి, ఐడీ క్లెయిమ్‌ను అక్కడే చదవాలి. క్లెయిమ్ లేకపోతే అక్కడికక్కడే తిప్పి పంపాలి. ఆ తర్వాత అడిగిన రికార్డు ఆ మనిషిదేనా అని డేటాబేస్ దగ్గర కూడా చూడాలి. ఇతరుల రికార్డు చూసే పని అధికారికి ఉంటే, దానికి వేరే అనుమతి ఉండాలి. ఎవరు చూశారో లాగ్‌లో పడాలి.

చాలామంది ఆ చదివే పనిని కన్‌స్ట్రక్టర్‌లో పెడతారు. కంట్రోలర్ అప్పుడే పుడుతోంది, రిక్వెస్ట్ ఇంకా దానికి అందలేదు. అందుకే అక్కడ ‘యూజర్’ నల్ వస్తుంది. ప్రాపర్టీలోకి మారిస్తే సరిపోయే పని. అది చేయకుండా ఐడీని స్టాటిక్ వేరియబుల్‌లో దాచేవాళ్లున్నారు! వందల రిక్వెస్టులు ఒకేసారి వచ్చే సర్వర్‌లో అది నేరమే. ఒకరి పేరు మీద ఇంకొకరి పెన్షన్ వివరాలు పోతాయి. ఇంకొందరు విసిగిపోయి మళ్లీ ఫోన్ పంపిన నంబరునే నమ్ముతారు. గడువు ముంచుకొచ్చిందంటారు. గడువు మీది, బయటపడే బతుకు ఇంకొకరిది.

మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివి బెంగళూరు బస్సెక్కిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు రాసే కోడ్ వెనక మీ అవ్వల ఖాతాలున్నాయి. రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ ఏపీఐలో యూజర్ ఐడీ అడిగే పారామీటర్లు వెతకండి. సొంత రికార్డు చూడటానికి వాడే ప్రతిదాన్నీ తీసేయండి. మేనేజర్ వద్దంటే ఎందుకు వద్దో రాతపూర్వకంగా ఇవ్వమనండి.