రిబ్బను మన చేతికీ రావాలి

మే 1 వచ్చిందంటే బవేరియా ఊళ్లలో మైబౌమ్ సందడి. పొడవాటి మానుకు నీలం, తెలుపు రంగులు వేసి, ఊరి వృత్తుల గుర్తులు తగిలించి, జంట వాసాల ఊతంతో మనుషులే పైకి లేపుతారు. అంతకుముందు రాత్రుళ్లు కాపలా కాస్తారు. పొరుగూరివాళ్లు ఎత్తుకుపోతే బీరు, భోజనం పెట్టి విడిపించుకోవాలి మరి! 2004లో జర్మనీలోకెల్లా ఎత్తైన త్సుగ్‌స్పిట్సె శిఖరం మీది మానును హెలికాప్టర్‌లో ఎత్తుకెళ్లిన ఘనులూ ఉన్నారు.

మ్యూనిక్ దగ్గరి మా ఊళ్లో ఎనిమిదేళ్లుగా నేను దూరంగా నిలబడి ఫొటోలే తీసుకున్నాను. నిరుడు మాను చుట్టూ ఆడే రిబ్బన్ల ఆటకు మా పాపను పిలిస్తే, ‘మనకెందుకులే’ అనేశాను. ఆ రోజు పాప గుంపులో నిలబడి స్నేహితుల ఆట చూసింది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ, ‘ఇది మన జడకోలాటమే కదరా!’ అంది. నిజమే. వాళ్లకు రిబ్బన్లు, మనకు తాళ్లు. ఆడుతూ అల్లడం, వెనక్కి ఆడుతూ విప్పడం రెండింటా ఒకటే. ఒక్కరు అడుగు తప్పినా అందరికీ చిక్కే.

ఉగాదికి, బతుకమ్మకు హాలు అద్దెకు తీసుకుని మనలో మనం కలుస్తున్నాం. మంచిదే. కానీ పక్కింటివాళ్లను పిలవం, వాళ్ల మైదానంలోకి వెళ్లం. మధ్యలో నిలబడిపోయేది పిల్లలే.

బల్లలు సర్దడానికైనా ఊరి సంఘానికి మనుషులు కావాలి. బీరు తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈసారి నేను పేరిచ్చాను, పాప రిబ్బను పట్టింది. వచ్చే ఉగాదికి ఆ పిల్లలను మన జడకోలాటానికి పిలుద్దాం.