బండి మూలిగితే బ్యాటరీ చచ్చినట్టేనా?

హన్మకొండ, కాజీపేట కాలనీల్లో కవరు కప్పుకుని నెలల తరబడి కదలని కార్లు చాలానే కనిపిస్తాయి. కొడుకు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, బండి అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. పండక్కి వచ్చి తాళం తిప్పితే అది మూలుగుతుంది గానీ లేవదు. వెంటనే తీర్పులు మొదలవుతాయి. "బ్యాటరీ పోయింది, మార్చెయ్" అంటాడు పక్కింటాయన. "అంతా ఇథనాల్ పెట్రోలు మహిమ" అని ఎదురింటాయన. "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టమంటే విన్నారా?" అని ఇంకో పెద్దమనిషి. ఎవరూ బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాట కాదు.

పెట్రోలు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంజన్ బరువుగా ఈడ్చుకుంటూ తిరిగినా, అసలు తిరగక టకటకమని చప్పుడు మాత్రమే వచ్చినా, ట్యాంకులో ఏముందన్నది అప్రస్తుతం. సెల్ఫ్ మోటారును తిప్పేది కరెంటు, పెట్రోలు కాదు. ఇంజన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతేనే ఇంధనం మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడైనా మొదటి ముద్దాయి ఇథనాల్ కాదు. చాలా రోజులు ఆగిన బండిలో పైపులోని పెట్రోలు ప్రెజర్ తగ్గిపోతుంది. తాళం ఆన్‌లో పెట్టి, వెనకసీటు కింద పంపు జుమ్మని మోగి ఆగేదాకా రెండు మూడు సెకన్లు చూసి, ఆఫ్ చేసి, మళ్లీ అలాగే చేసి, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టండి. దాంతో లేచిందంటే పంపులో ప్రెజర్ నిలబెట్టే వాల్వును చూపించుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మీద న్యాయమైన ఫిర్యాదులు లేకపోలేదు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతం ఇథనాల్‌కు (ఈ10) సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే ఒప్పుకుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుందన్నదీ నిజమే. కానీ డౌనైన బ్యాటరీ పాపం కూడా దాని నెత్తినే రుద్దితే అసలు ఫిర్యాదు పలచబడిపోతుంది.

ఇక వారానికి ఐదు నిమిషాల సలహా. 2020 లాక్‌డౌన్‌లో ఇది ఇంటింటికీ పాకింది, ఇప్పటికీ పోలేదు. లెక్క వేసి చూడండి. తాళం తీసేసినా గడియారం, అలారం, ఇంజన్ కంప్యూటరు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లనుకుందాం, ఆరోగ్యంగా ఉన్న కారుకు మామూలే. రోజుకు 0.72 ఆంపియర్ అవర్ (ఏహెచ్), వారానికి 5 ఏహెచ్ పోతుంది. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35 ఏహెచ్. ఐదు నిమిషాల్లో ఆ 5 ఏహెచ్ తిరిగి నింపాలంటే ఏకంగా 60 ఆంపియర్లు ఎక్కించాలి. ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ అంత ఇవ్వదు, ఇచ్చినా బ్యాటరీ అంత వేగంగా తీసుకోదు. పైగా ఏసీ వేసుకుని కూర్చుంటారు. కాబట్టి వారం వారం కొంత లోటే మిగులుతుంది. నెల తిరిగేసరికి బండి ఎందుకు మూలిగిందో దేవుణ్ని అడగక్కర్లేదు. ఇంకో నష్టమూ ఉంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల పేరుకున్న నీటి ఆవిరి ఆవిరిగా బయటికి పోదు, ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ చెమ్మగా దిగుతుంది. నడపగలిగితే హంటర్ రోడ్డు మీదుగా ఓ అరగంట నడపండి. నడిపేవాళ్లు లేకపోతే మైనస్ టెర్మినల్ ఊడదీసి పెట్టండి, లేదా నిండగానే దానంతటదే ఆగే చార్జర్ తగిలించండి. ఊరికే గేటు దగ్గర గుర్రుమనిపించడం పెద్దాయనకు కాలక్షేపం తప్ప బండికి మేలు కాదు.

మిగిలింది "మార్చెయ్" అనే తీర్పు. నాడి పట్టకుండా మందు రాయడమిది. మూడు నాలుగు వందలకు దొరికే మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగిన బండిలో, తాళం తిప్పకముందు చూడండి: 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కు దిగితే దాదాపు ఖాళీ. ఖాళీ అయినదీ చచ్చినదీ ఒకటి కాదు. 12.6 చూపిస్తూ కూడా బండి లేవకపోతే ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరు చూడండి. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ మీద అనుమానం. 11 దగ్గర నిలబడి కూడా సెల్ఫ్ బద్ధకంగా తిరిగితే తప్పు టెర్మినల్ క్లాంపులోనో, బాడీకి బిగించిన ఎర్త్ వైరులోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంది. టెర్మినల్ చుట్టూ తెల్లగా పచ్చగా పూసిన బూజు లాంటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, బ్రష్షుతో రుద్ది బిగిస్తే కొన్ని బండ్లు అక్కడికక్కడే లేచి కూర్చుంటాయి. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేసినా లేస్తుంది, ఎందుకంటే వేసేటప్పుడు టెర్మినల్ ఎలాగూ గీకుతారు. ఘనత కొత్త బ్యాటరీకి దక్కుతుంది, బిల్లు మనకు.

బ్యాటరీలు చావవని నేననడం లేదు. మన దగ్గర వాటిని చంపేది చలి అనుకుంటారు గానీ, అసలు దెబ్బ మే నెలలో ఓరుగల్లు ఎండ కొడుతుంది, డిసెంబరు పొద్దున అది బయటపడుతుంది. నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక చార్జింగ్ పట్టని స్థితీ వస్తుంది.

ఈ పరీక్షలేవీ పనికిరాని బండి ఒకటుంది. 2023 జులై 27న హంటర్ రోడ్డు పరిసర కాలనీలు మునిగినప్పటిలా నీళ్లలో నిలిచిన కారు. దానికి తాళమే తిప్పకూడదు. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. మైనస్ వైరు తీసేసి టోయింగ్ వాళ్లను పిలవాలి.

మిగతా బండ్లకైతే, దుకాణానికి వెళ్లేటప్పుడు వారంటీ కార్డు జేబులో పెట్టుకోండి. పాత బ్యాటరీని రాత్రంతా నెమ్మదిగా చార్జింగ్ పెట్టించి, మర్నాడు మీ ఎదుటే లోడ్ టెస్టు చేయమనండి. అందులో తప్పితే కొత్తది కొనండి. టెస్టు ఎందుకు సార్, చూస్తేనే తెలుస్తుంది అన్నారంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.