ఇంటి పన్నుకు వచ్చే కార్పొరేషన్, ఇల్లు పోయేనాడు ఎక్కడ?

బిలాస్‌పూర్‌లో తోర్వా వైపు ఇల్లు కట్టుకున్న విశ్రాంత ట్రాక్‌మన్ ఒకరు రెండు కాగితాలు పట్టుకుని మా కార్యాలయానికి వచ్చారు. ఒకటి కార్పొరేషన్ వారి ఆస్తిపన్ను నోటీసు. రెండవది, అదే ఇంటిని స్వాధీనం చేసుకోగలమని ఒక ఫైనాన్స్ కంపెనీ ఇంగ్లీషులో పంపిన నోటీసు. మొదటిదానికి ఆయన పన్ను చెల్లించారు. రెండవది అర్థం కాక బీరువాలో పెట్టారు. ఒక బంధువు చదివి చెప్పేసరికి యాభై రెండు రోజులు గడిచాయి. వార్డు కార్పొరేటరు వద్దకు పరుగెత్తితే, అది మీకూ కంపెనీకీ మధ్య వ్యవహారం, మాకేమి సంబంధమన్నారట.

చట్టం దృష్టిలో కార్పొరేటరు మాట తప్పు కాదు. మా అభ్యంతరమంతా అక్కడే ఉన్నది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు జిల్లాల కుటుంబాలు ఈ పట్టాల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఉద్యోగమున్నంతకాలం క్వార్టరే ఇల్లు. పదవీ విరమణ జరిగిన కొద్ది నెలలకే దానిని ఖాళీ చేయవలసి ఉంటుంది. స్వగ్రామంలో భూమి లేదు. పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివారు. కనుక ఆఖరి సర్వీసు సంవత్సరాలలో, కొడుకును సహ ఋణగ్రస్తునిగా చేర్చి, అప్పుతో ఇల్లు కట్టుకుంటారు. జీతం పోయి పింఛను వచ్చిననాడు ఆదాయం సగమవుతుంది గాని వాయిదా సగం కాదు. కొడుకు కాంట్రాక్టు పని కూడా పోతే చెప్పవలసినదేమున్నది? పైగా 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. మారే వడ్డీపై అప్పు తెచ్చుకున్నవారికి వాయిదాయో, గడువో పెరిగిపోయింది. 2025లో రేటు తగ్గింది నిజమే. అప్పటికే ఖాతా చెడినవారికి అది పంట ఎండిన తరువాత కురిసిన వాన.

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం తొంభై రోజులు బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. ఆపైన అరవై రోజుల నోటీసు. ఆ గడువు దాటితే ఋణదాత సివిల్ కోర్టు గడప తొక్కకుండానే ఇంటిని స్వాధీనపరచుకోవచ్చును. అందుకు సాయపడవలసినది జిల్లా మేజిస్ట్రేటు. 2016 సవరణ ఆయనకు ముప్పై రోజుల గడువు పెట్టింది. ఋణగ్రస్తుని మొర వినడం ఆయన పని కాదని న్యాయస్థానాలు తేల్చాయి. మొర వినే ట్రిబ్యునల్ చాలాకాలంగా జబల్పూరులో ఉన్నది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, మొర వినాలంటే ముందుగా బాకీలో 75 శాతం కట్టాలన్న నిబంధనను కొట్టివేసింది. అంతమాత్రపు ఊరటయినా దక్కినందుకు సంతోషించాలి.

ఇందులో ఒక వింత గమనార్హం. స్వాధీన ప్రకటనను రెండు పత్రికలలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలని నియమమున్నది. పరువు పోయే కబురు వీధి అందరికీ అర్థమయ్యే భాషలో వస్తుంది. ఇల్లు నిలుపుకునే గడువు తెలిపే కాగితం మాత్రం ఆ ఇంటి యజమానికే అర్థం కాని భాషలో వచ్చింది!

బ్రిటన్‌లో 1991 ఒక్క సంవత్సరంలోనే 75 వేలకు పైగా ఇళ్లను ఋణదాతలు స్వాధీనం చేసుకున్నారు. అయితే అక్కడ 1977 నుంచే, నిరాశ్రయులయ్యే కుటుంబాల బాధ్యత స్థానిక కౌన్సిళ్లపై చట్టరీత్యా ఉన్నది. 2017 చట్టంతో ఇంగ్లండులో, 56 రోజులలో ఇల్లు కోల్పోయే ప్రమాదమున్నవారికి ముందుగానే సాయపడడం కౌన్సిలు విధి అయింది. అక్కడంతా సవ్యమని మేము భ్రమపడడం లేదు. ఆ కౌన్సిళ్లూ నిధుల కొరతతో అల్లాడుతున్నవే. కాని అడగడానికి ఒక గుమ్మమంటూ ఉన్నది. మనకు 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో పట్టణ పేదరిక నిర్మూలన, బలహీనవర్గాల ప్రయోజన పరిరక్షణ పురపాలక విధులుగా కనిపిస్తాయి. అవి కాగితం దిగి వార్డు కార్యాలయం దాకా రాలేదు.

అప్పు తీర్చనక్కరలేదని మేము అనడం లేదు. మన సహకార పరపతి సంఘాలు నడిచేదే సభ్యుల చెల్లింపులపైన. మేము కోరేది స్వల్పం. నివాసగృహంపై ఇచ్చే ప్రతి నోటీసు నకలును నగరపాలక కమిషనరుకు పంపాలి. వార్డు కార్యాలయంలో ఆ కాగితాన్ని చదివి చెప్పే మనిషి ఉండాలి. కలెక్టరు పోలీసులను పంపే ముందు, ఆ ఇంటిలో వృద్ధులెవరు, పసివారెవరు, ఆ రాత్రి వారు ఎక్కడ పడుకుంటారో కార్పొరేషన్‌ను అడిగి తెలుసుకోవాలి.

మన వైపు లోపమూ ఉన్నది. క్వార్టర్ల కోసం, గృహనిర్మాణ అడ్వాన్సు కోసం పోరాడాము. క్వార్టరు విడిచిన కార్మికుని వెంట మాత్రం నడవలేదు. నోటీసుపై వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే ఋణదాత పదిహేను రోజులలో సమాధానమివ్వాలని చట్టంలోనే ఉన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయ హక్కు ఉన్నది. ఈ రెండు సంగతులు మన సభ్యులలో ఎందరికి తెలుసు?

ఆ ట్రాక్‌మన్‌కు మిగిలిన ఎనిమిది రోజులలో అభ్యంతర పత్రం వ్రాయించి పంపాము. ఫలితం ఇంకా తేలలేదు. ప్రతి శాఖ వారానికొక సాయంత్రం ఈ పనికి కేటాయించవలసినదిగా కోరుతున్నాము. సభ్యులు నోటీసు అందిన తేదీని కవరుపై వ్రాసి, కవరుతో సహా తీసుకురావాలి.