సైకిల్ టూర్‌కి కొత్త గ్యాడ్జెట్ వద్దు, ఉన్న ఫోన్‌ని రెడీ చేసుకోండి

"సైకిల్ మీద లాంగ్ టూర్ వెళ్దామనుకుంటున్నా, ఏ సైకిల్ కంప్యూటర్ కొనమంటావ్?" ఆఫీసులో ఈ మధ్య నెలకి ఒక్కరైనా ఇదే అడుగుతున్నారు. నా జవాబు ఒకటే: ఏదీ కొనకు. మ్యాప్ చూపించే మంచి సైకిల్ కంప్యూటర్ ధరకి ఒక మిడ్‌రేంజ్ ఫోన్ వచ్చేస్తుంది. మొదటి రెండు మూడు టూర్లకి జేబులో ఉన్న ఫోనే చాలు. కాకపోతే దాన్ని హైటెక్ సిటీలో వాడినట్టు వాడితే కుదరదు. ఈ సంగతి నాకు చాలా ఖరీదైన పాఠంగా తెలిసింది. డబ్బులు కాదు, ఒక రాత్రి పోయింది.

పోయిన డిసెంబర్‌లో ఒక శనివారం నేను, నా రూమ్మేట్ మూసాపేటలో తెల్లవారకముందే బయల్దేరాం. ప్లాన్ సింపుల్. మూసీ నది పుట్టే అనంతగిరి కొండల దాకా తొక్కాలి, రాత్రికి వికారాబాద్‌లో ఆగాలి, ఆదివారం వెనక్కి రావాలి. వెళ్లేటప్పుడే 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఓఆర్ఆర్ పక్కన 2023లో ఓపెన్ చేసిన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, అది ఎనిమిదిన్నర కిలోమీటర్లు. అక్కడి నుంచి చేవెళ్ల రోడ్డు. రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు. మన్నెగూడ దాటాక ట్రాఫిక్ తగ్గింది, వికారాబాద్ దాటాక అడవి, ఘాట్ మలుపులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర ఉన్నాం. సిటీలో ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడి నుంచే మొదలవుతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. టైముంది కదా అని కోట్‌పల్లి రిజర్వాయర్ కూడా చూసి, సాయంత్రం వికారాబాద్‌కి తిరిగి బయల్దేరాం. మ్యాప్ ఒక షార్ట్‌కట్ చూపించింది. టైమ్ బాగా కలిసొస్తుందంటే తిప్పేశాం. తారు రోడ్డు కాస్తా కంకర రోడ్డయింది, కంకర రోడ్డు కంది చేల మధ్య బండ్ల బాట అయింది. అంతలో నెట్‌వర్క్ పోయింది. స్క్రీన్ మీద మ్యాప్ పోయి ఖాళీ గళ్లు మిగిలాయి. బ్యాటరీ 11 శాతం. ఆరు కాకుండానే చీకటి పడింది.

పొలం నుంచి ఇంటికెళ్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ఈ తొవ్వ వాగు కాడికే పోతది బిడ్డా, అవుతలికి దారి లేదు. ఎనకకు మళ్లుండ్రి. గుడి కాడ ఎడమ దిక్కు తిరిగితే తారు రోడ్డు తాకుతది." ఆయన చెప్పినట్టే వెళ్లాం. లాడ్జికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. సిగ్నల్ రాగానే అమ్మ మిస్డ్ కాల్స్ అలర్ట్‌లు వరసపెట్టి వచ్చాయి, మొత్తం 14. ఫోన్ చేస్తే అమ్మ తిట్టలేదు. "తిన్నారా?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు విన్నాక తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

తప్పు ఎవరిది?

ఆ రాత్రి ఒకటి గమనించా. మ్యాప్ మాయమైనా నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది. అంటే జీపీఎస్ పనిచేస్తూనే ఉంది. లొకేషన్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి సిమ్‌తో పనిలేదు. నెట్‌వర్క్ ఉంటే మొదటి లాక్ త్వరగా దొరుకుతుంది, అంతే. నా దగ్గర లేనిది మ్యాప్ ఒక్కటే. బయల్దేరే ముందు రూమ్‌లో వైఫై మీద పది నిమిషాలు కూర్చుంటే డౌన్‌లోడ్ అయిపోయేది.

ఇంకో తప్పు, ఆ రూట్‌ని బైక్ కోసం లెక్కేసిన మోడ్‌లో చూడటం. ఇంజిన్ ఉన్న బండికి అరగంట దారి, లగేజీ కట్టిన సైకిల్‌కి రెండు గంటలు. ఎత్తుపల్లాలు, రోడ్డు రకం లెక్కలోకి రాకపోతే ఆ టైమ్‌ని నమ్మి మలుపు తిప్పకూడదు.

నెల తర్వాత అదే రూట్, అదే ఫోన్. ఈసారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడిచే ఓఎస్ఎమ్‌అండ్‌లో తెలంగాణ మ్యాప్ మొత్తం దించుకున్నా. రూట్‌ని ముందే గీసి, ఎత్తుల గ్రాఫ్ చూసి, జీపీఎక్స్ ఫైల్‌గా ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది కాబట్టి అక్కడ ఎయిర్‌ప్లేన్ మోడ్. స్క్రీన్ ఆఫ్, వాయిస్ గైడెన్స్ ఆన్. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి. దాన్నుంచి రెండు ఫుల్ ఛార్జింగ్‌లు ఆశించకండి, కన్వర్షన్ నష్టాలు పోను ఒకటిన్నర పైచిలుకు వస్తుంది. ఇంట్లో రూట్ స్క్రీన్‌షాట్, ఏ టైమ్‌కి ఎక్కడుంటామో పంపించా. సాయంత్రం ఐదుకే లాడ్జిలో టీ తాగుతున్నాం.

సైకిల్ కంప్యూటర్ దండగ అనడం లేదు. ఎండలో స్క్రీన్ స్పష్టంగా కనిపిస్తుంది, రోజంతా ఛార్జ్ ఉంటుంది, బారోమీటర్ వల్ల ఎత్తు లెక్క కూడా నమ్మకంగా ఉంటుంది. ఏడాదికి పది టూర్లు తొక్కేవాళ్లు కొనుక్కోండి. కానీ మ్యాప్ దించుకోని వాడిని ఏ గ్యాడ్జెట్టూ కాపాడదు. అనంతగిరి చిన్న పరీక్ష మాత్రమే. శ్రీశైలం వైపు నల్లమల దారిలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అలాంటి చోట మ్యాప్ చూపించిన టైమ్ తప్పితే లాడ్జికి లేటవడంతో పోదు. అసలు సైకిల్‌ని రానిస్తారో లేదో కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

రివ్యూలు రాసే మనందరికీ ఒక మాట. ఫోన్ రివ్యూ అంటే బెంచ్‌మార్క్, గేమింగ్, ఫైవ్‌జీ స్పీడ్, అన్నీ ఏసీ రూమ్‌లోనే. సిమ్ తీసేస్తే జీపీఎస్ లాక్ ఎంతసేపట్లో వస్తుంది? బారోమీటర్ ఉందా? ఎండలో స్క్రీన్ వెలిగించి పెడితే ఎన్ని గంటలు వస్తుంది? ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా పట్టుకుంటుందా? ఈ నాలుగూ ప్రతి రివ్యూలో ఉండాలి. ఊరు దాటేవాడికి కావాల్సింది అవే.

ఇక ఆ బండ్ల బాట సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు. తిరిగొచ్చాక అకౌంట్ తెరిచి, ఆ దారిని మట్టి బాటగా మార్చి, మేం ఆగిన చోటికి కాస్త ముందు దాన్ని ఆపేశా. ఐదు నిమిషాల పని. ఆ పెద్దాయన ప్రతి సాయంత్రం అక్కడ ఉండడు కదా.