వోలొగ్దా వెన్న ఎవరి ముంతలోకి పోయింది?

డి.ఎ.పి. బస్తా భుజాన మోసి, అడుగుమందుగా పొలంలో చల్లే కూలీకి ఆ ఎరువు ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పరు. ఇటీవలి సంవత్సరాల్లో మన దేశానికి వస్తున్న డి.ఎ.పి.లో కొంత రష్యాలోని చెరెపోవెత్స్ కార్ఖానాలో తయారైనదే. చెరెపోవెత్స్ వోలొగ్దా ప్రాంతంలోది. ఆ ప్రాంతానికి రాజధాని వోలొగ్దా నగరం. మాస్కోకు ఉత్తరాన దాదాపు 450 కిలోమీటర్ల దూరాన వుంది, జనాభా 3 లక్షల పైచిలుకు. ఆ ఊరి చరిత్రలో కష్టజీవులు తెలుసుకోవలసిన సంగతులు చాలా వున్నాయి.

వోలొగ్దా 1147లో పుట్టిందని అక్కడివారి నమ్మకం. 1553లో ఇంగ్లీషు ఓడ తెల్ల సముద్రం తీరానికి వచ్చాక ఆ ఊరి దశ తిరిగింది. సుఖోనా, ద్వినా నదుల మీదుగా సముద్రానికి పోయే సరుకంతా అక్కడే పడవలకెక్కేది. భయంకరుడని పేరు పడ్డ జారు ఇవాన్ అక్కడ కోట మొదలుపెట్టాడు, పెద్ద చర్చి కట్టించాడు. 1703లో పీటర్స్‌బర్గు రేవు లేచింది. వ్యాపారం అటు మళ్లింది, వోలొగ్దా వెలవెలబోయింది. చివరకు జారు ప్రభుత్వానికి ఆ ఊరు ప్రవాస శిక్షల స్థలంగా పనికొచ్చింది. లూనచార్‌స్కీ, మొలొతోవ్, స్టాలిన్ వంటి విప్లవకారులు అక్కడ పోలీసు నిఘాలో రోజులు గడిపినవారే.

1872లో రైలు వచ్చింది. రైలుతో పాలవ్యాపారం పెరిగింది. నికొలాయ్ వెరెష్చాగిన్ అనే ఆయన, రైతు తన పాలను తానే వెన్నగా, జున్నుగా మార్చి అమ్ముకుంటే దళారీ పీడ వదులుతుందని తలచాడు. 1866లో త్వేర్ రాష్ట్రంలో తొలి సహకార జున్ను కేంద్రం పెట్టించాడు. ఆ ఉద్యమం ఉత్తరాది అంతా పాకింది. ఆయన చేయించిన కమ్మని వెన్నకే 1939లో ‘వోలొగ్దా వెన్న’ అని పేరు మార్చారు. ఉద్దేశం మంచిదే. మరి ఫలితం? 1899లో అచ్చయిన ‘రష్యాలో పెట్టుబడిదారీ విధాన అభివృద్ధి’ గ్రంథంలో లెనిన్ ఈ పాలకేంద్రాల గుట్టు విప్పాడు. ఎక్కువ ఆవులున్న ధనిక రైతు లాభపడ్డాడు. ఒక్క ఆవున్న పేదవాడు ఉన్న పాలన్నీ కేంద్రానికి పోశాడు, వాడి పిల్లలకు గుక్కెడు పాలు కరువయ్యాయి. సహకార సంఘమని బోర్డు కట్టినంత మాత్రాన సరిపోదన్నమాట. పెత్తనం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

విప్లవం తర్వాత వోలొగ్దాకు కార్ఖానాలు వచ్చాయి, చదువు వచ్చింది, వైద్యం వచ్చింది. కాదనేవాడు అబద్ధమాడినట్టే. అయితే రెండో వైపు దాచిపెట్టడం కూడా అబద్ధమే. 1930లో కులక్కులన్న ముద్ర వేసి ఇతర ప్రాంతాల నుంచి తరలించిన రైతు కుటుంబాలను వోలొగ్దా చర్చీల్లో కుక్కారు. చలికి, జబ్బులకు పసిపిల్లలు రాలిపోయారు. 1932లో తెచ్చిన లోపలి పాస్‌పోర్టు సామూహిక క్షేత్రం రైతుకు దక్కలేదు. 1974 దాకా అతను తన ఇష్టాన ఊరు వదిలి పట్నంలో స్థిరపడే వీలు లేదు. రైతును అడగకుండా రైతు పేర చేసిన పని ఇలాగే వుంటుంది. ఈ మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు, చెప్పుకోకపోతే సిగ్గుపడాలి.

పోతే, ఇప్పటి సంగతి. 1993లో చెరెపోవెత్స్ ఉక్కు కార్ఖానాను ‘సెవెర్‌స్తాల్’ పేర వాటాల కంపెనీ చేశారు. వేలాది కార్మికుల చెమటతో లేచిన ఆ సంపద చివరకు అలెక్సీ మొర్దషోవ్ అనే ఒక్క మనిషి గుప్పిట్లోకి చేరింది. ఆయన నేడు రష్యాలోకెల్లా గొప్ప ధనవంతుల్లో ఒకడు. రాజధాని వోలొగ్దాలో వెన్న, బేరింగులు, అల్లిక లేసులు తయారవుతున్నా, ప్రాంతం ఖజానా మాత్రం చాలావరకు ఉక్కు, ఎరువుల మీదే ఆధారపడింది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక యూరపు ఆంక్షలు పెట్టింది, ఉక్కుకు ఆ బజారు మూతపడింది. ఉక్కు ధర పడితే ఖజానా ఖాళీ. 1989లో 13.5 లక్షలున్న ప్రాంత జనాభా 2021 నాటికి 11.4 లక్షలకు దిగింది. తాగుడు తగ్గించాలని 2025 మార్చి నుంచి పనిదినాల్లో మధ్యాహ్నం రెండు గంటలసేపే మద్యం అమ్మాలని ఆంక్ష పెట్టారు. ఊళ్లో పని లేకుండా పోయాక, సీసా అమ్మే గంటలు తగ్గిస్తే మాత్రం మనిషి నిలబడతాడా?

జారు పోయాడు, సామూహిక క్షేత్రం పోయింది, కంపెనీ వచ్చింది. పాలు పితికే చెయ్యి మాత్రం అదే. లెక్కల పుస్తకం ఆ చేతికి ఏనాడూ అందలేదు. సహకార సంఘమైనా, ప్రభుత్వ క్షేత్రమైనా, కంపెనీ అయినా, కష్టపడేవాడికి లెక్క అడిగే హక్కు, కాదనే హక్కు లేకపోతే వెన్న పైవాడి ముంతలోకే పోతుంది. ఎరువు బస్తా దించేటప్పుడు కూలీ సోదరులు ఈ మాట ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. మన సంఘంలో లెక్కలు ఎవరు చూస్తున్నారో కూడా ఆ రోజే అడగాలి.