పరదేశమున నొక యింట

విద్యార్థులారా! పరదేశమునకు పోవువారు రెండు విధములు. చూచి వచ్చువారు కొందరు, ఉండి వచ్చువారు కొందరు. మొదటివారు పారిస్ నగరమునకు పోయి, 1889లో కట్టిన ఈఫిల్ గోపురమునెక్కి, లూవ్ర్ ప్రదర్శనశాలలోని చిత్రములను చూచి, పది దినములలో మరలి వత్తురు. రెండవవారు అచ్చట నొక యింట చేరి, ఆ యింటి బిడ్డలతోపాటు ఉదయమున లేచి, బడికి పోయి, వారు తినునదే తిని, ఒక విద్యాసంవత్సరము గడిపి వత్తురు. వీరికే వినిమయ విద్యార్థులని పేరు. మొదటివారు చూచునది ఇంటి ముఖద్వారము. రెండవవారు చూచునది వంటగది. ఒక జాతిని తెలిసికొనుటకు వంటగదియే మేలైన చోటని నా యభిప్రాయము. ఇది నాకు మొదటినుండి ఉన్న అభిప్రాయము కాదు. ఎట్లు కలిగెనో చెప్పెదను.

నేను గోదావరి తీరమున నొక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున, పదునారేండ్ల బాలిక యొకతె నా గదికి వచ్చెను. ఫ్రాన్సు దేశమున నొక యేడు చదువుటకు తనకు అవకాశము వచ్చినదనియు, నేనొక యోగ్యతాపత్రము వ్రాసి యీయవలయుననియు కోరెను. "అమ్మా! ఇక్కడ నొక యేడు వెనుకబడుదువు. అక్కడి భాష నీకు రాదు. ఉన్న తెలుగును మఱతువు. పోవలదు" అని చెప్పితిని. ఆ బాలిక కన్నుల నీరు తిరిగెను గాని ఎదురు పలుకలేదు. మరునాడు ఆమె నాయనమ్మ వచ్చెను. ఆమె బడి ముఖము చూచినది కాదు. "మాస్టరుగారూ! ఆడపిల్ల యేనాటికైనను కొత్తయింటికి పోయి అక్కడి తీరు నేర్చుకొనవలసినదే గదా! ఇది మరలివచ్చెడి కొత్తయిల్లు. పోనిండు" అనెను. నేను పత్రము వ్రాసి యిచ్చితిని గాని నా మనస్సు సమ్మతింపలేదు.

ఫ్రెంచివారు తెలుగువారికి బొత్తిగా కొత్తవారు కారు. 1669లోనే వారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. 1757లో బొబ్బిలి కోటపైకి వచ్చినవి బుస్సీ సేనలు. మా ప్రాంతమునకు ప్రక్కనే యున్న యానాము 1954 వరకు వారి పాలనలోనే యుండెను. అయినను పాలించుట వేరు, పరిచయమగుట వేరు. ఫిరంగుల వలన కలిగిన పరిచయము భయమునే మిగుల్చును. పిల్లల వలన కలుగు పరిచయము అట్టిది కాదు. దీనికి ఫ్రాన్సు దేశమే ఒక సాక్ష్యము. 1870, 1914, 1939 సంవత్సరములలో ఫ్రాన్సు, జర్మనీ దేశములు డెబ్బదియేండ్లలో మూడు మారులు పోరాడినవి. తుదకు 1963 జనవరి 22వ తేదీన డి గాల్, అడెనార్ అను నాయకులు పారిస్ నగరమున మైత్రీపత్రముపై సంతకములు చేసిరి. ఆ యేడే రెండు దేశముల యువజనుల కొరకు ఒక కార్యాలయము ఏర్పడెను. నాటినుండి లక్షలాది బాలబాలికలు ఈ యింటినుండి ఆ యింటికి, ఆ యింటినుండి ఈ యింటికి పోయి వచ్చుచున్నారు. తాతలు తుపాకులతో దాటిన సరిహద్దును మనుమలు పుస్తకాల సంచులతో దాటుచున్నారు.

మన బాలిక పోయినది ఫ్రాన్సు పడమటి భాగమున, రెన్ నగరమునకు చేరువనున్న ఒక చిన్న యూరు. ఆ ప్రాంతమునకు బ్రిటనీ యని పేరు. మొదటి మూడు మాసములు ఆమె వ్రాసిన జాబులు చదువుటకు కష్టముగా నుండెను. డిసెంబరులో అచ్చట ప్రొద్దు పొడుచునప్పటికి దాదాపు తొమ్మిది గంటలగును. బడి మాత్రము ఎనిమిదింటికే! చీకటిలో పోయి, చీకటి పడువేళకు తిరిగి వచ్చుట. భోజనాల బల్ల చుట్టును అందరు నవ్వుచుందురు, ఎందులకో ఆమెకు తెలియదు. "మాస్టారూ, ఇచ్చట నాకంటె ఆ యింటి నాలుగేండ్ల పిల్లవాడే ఎక్కువ తెలివిగలవాడు" అని వ్రాసెను. ఆ వాక్యము చదివి, నా మాటయే నిజమాయెనని తలంచితిని. అది తొందరపాటు. తరగతిలో మొదటి వరుసలో కూర్చుండు బాలికకు, ఏమియు తెలియక చివరి వరుసలో కూర్చుండువాని బాధ ఎట్టిదో తెలిసినది అప్పుడే. ఆ పాఠమును ముప్పదియేండ్లు బోధించియు నేను ఎవరికిని చెప్పలేకపోయితిని.

ఒకనాడు ఆమె రొట్టెల దుకాణమునకు పోయి, నేర్చుకొన్న వాక్యమును తప్పు లేకుండ అప్పగించి, "ఒక రొట్టె యిండు" అని అడిగెనట. దుకాణపు యజమానురాలు రొట్టె నీయక, ఆమె వంక చూచి "బోంజూర్" అని మాత్రమనెను. బాలిక మరల రొట్టె నడిగెను. ఆమె మరల "బోంజూర్" అనెను. తన రంగు చూచి యవమానించుచున్నదని తలంచి బాలిక కంట తడి పెట్టుకొని వచ్చెను. ఆ యింటి యిల్లాలు విని నవ్వి, "దుకాణములో అడుగు పెట్టగానే మొదట బోంజూర్ అనవలయును. అది నమస్కారము. నమస్కారము లేకుండ ఏదియు నడుగుట మా దేశమున మోటుతనము. ఆమె నీకు మర్యాద నేర్పినది, అంతియే" అని చెప్పెను. మరునాడు బాలిక మొదట బోంజూర్ అనెను. రొట్టెతోపాటు చిరునవ్వును దొరకెను. అడుగకయే తీర్పు చెప్పుట ఎంత సులభమో, ఎంత తప్పో ఈ చిన్న సంగతి తెలుపుచున్నది.

భాష కూడ నామె భయపడినంత పరాయిది కాదని క్రమముగా తెలిసెను. ఆంగ్లమున పెద్దలకును పిన్నలకును ఒకటే మాట. ఫ్రెంచియందు మనకు నీవు, మీరు ఉన్నట్లే 'త్యు', 'వూ' అని రెండు కలవు. ఎవరిని ఎట్లు పిలువవలయునో తెలుగుబిడ్డకు వేరుగా నేర్ప నక్కరలేదు. సంఖ్యలు మాత్రము ఆమెను తిప్పలు పెట్టినవి. తొంబదియేడు అనుటకు వారు "నాలుగిరువదులును పదియేడును" అందురు. అంగడిలో చిల్లర లెక్కించునప్పుడు ఒక మాట వినుటకు ఒక గుణింపును ఒక కూడికయు చేయవలసి వచ్చెడిదట!

మీరు ఎనిమిదవ తరగతి చదువుచున్నారు గదా! మీ యీడు పిల్లలు ఫ్రాన్సులో 'నాలుగవ' తరగతిలో నుందురు. అచ్చట మాధ్యమిక పాఠశాలలో ఆరవ తరగతిలో చేరి, ఐదు, నాలుగు, మూడు అని క్రిందికి దిగుచు, ఉన్నత పాఠశాలలో రెండు, ఒకటి, తుది తరగతులను ముగింతురు. తుదిని వచ్చు పరీక్షకు 'బకలోరియా' అని పేరు. అది 1808లో నెపోలియన్ నాడు ఏర్పడినది. అందు తత్త్వశాస్త్ర పరీక్ష కలదు. ఒక ప్రశ్న తీసికొని నాలుగు గంటలు ఆలోచించి వ్రాయవలయును. కంఠస్థము చేసినవాడు అందు నెగ్గలేడు. మార్కులు ఇరువదికి వేయుదురు. పదునారు వచ్చిన 'చాల బాగు' అను శ్రేణి. మన బాలిక గణితమున పదునైదు వచ్చినవని యేడ్వగా, ఉపాధ్యాయుడు ఆశ్చర్యపడి, "ఇది మంచి మార్కు గదా! మిగిలిన ఐదును నీవు ఇంకను నేర్చుకొనుటకు మిగిలిన చోటు" అనెనట. నూటికి నూరు రానిచో ఇంట దీపము పెట్టని తలిదండ్రులు ఈ మాట నాలకింపవలయును.

ఇక భోజనము. వారి భోజన సంప్రదాయమును 2010లోను, పొడవు రొట్టె చేయు నేర్పును 2022లోను యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. వారు వంటకములన్నియు ఒక్కసారి వడ్డింపరు. ఒకటి ముగిసిన పిదప నొకటి వచ్చును. ఆదివారమునాడు బల్లవద్ద రెండు మూడు గంటలు కూర్చుందురు. తినుట కొంత, మాటాడుట ఎక్కువ. బాలిక శాకాహారి యగుటచే మొదట రొట్టె, జున్ను, పండ్లతో గడిపెను. ఒక సాయంకాలము ఆ యింటి అవ్వ పెద్ద పెనము పొయ్యిపై నుంచి, పలుచని పిండి పోసి, చిన్న కొయ్యపనిముట్టుతో గుండ్రముగా త్రిప్పెను. "మాస్టారూ! అది దోసెయే!" అని ఆ రాత్రియే నాకు జాబు. బ్రిటనీలో దానిని 'గాలెట్' అందురు. మరునాడు ఆ పెనముమీద మన బాలిక దోసె పోసెను. మొదటిది అంటుకొన్నది, రెండవది చక్కగా వచ్చెను. ఆనాటినుండి అవ్వకును ఆమెకును స్నేహము కుదిరెను.

ఇచ్చట నొక యాక్షేపణకు సమాధానము చెప్పవలయును. "దూరదేశమున బిడ్డ యొంటరియగును. దినదినము చరవాణిలో మాటాడుచుండిన దిగులు తీరును" అని కొందరందురు. నేను దీని నంగీకరింపను. దేహము ఫ్రాన్సులోను, చెవి కోనసీమలోను ఉన్నవాడు ఎచ్చటను లేనివాడే. నాయనమ్మ ఈ సంగతి మాకంటె ముందే గ్రహించి, "ఆదివారమున మాత్రము మాటాడుము. మిగిలిన ఆరు దినములు ఆ యింటి పిల్లవు" అని కట్టడి చేసెను. ఆమెకు మనుమరాలిపై ప్రేమ తక్కువ యని యెవరనగలరు? ధనము లేనివారికి ఇట్టి యవకాశములు దొరకుట కష్టమన్న మాట మాత్రము నిజమే. అందులకే ప్రభుత్వములును సంస్థలును విద్యార్థివేతనములను పెంచవలయునని నేను కోరుచున్నాను.

ఒక రాత్రి అవ్వ తన బాల్యమును గూర్చి చెప్పెను. ఆమె యింటి భాష ఫ్రెంచి కాదు, బ్రెటన్. ఆ కాలమున బడిలో బ్రెటన్ మాట పలికిన బిడ్డ మెడలో ఒక కొయ్యచెప్పు వంటి వస్తువును వ్రేలాడగట్టుచుండిరి. ఆ బిడ్డ మరియొకనిని పట్టియిచ్చినచో అది వాని మెడకు మారును. సాయంకాలమున ఎవని మెడలో నుండునో వానికి శిక్ష. "నా బిడ్డలకు ఆ సిగ్గు రాకూడదని నేను వారికి నా భాష నేర్పలేదు. ఇప్పుడు నా మాట వినుటకు ఇంట నెవరును లేరు" అని అవ్వ కన్నీరు పెట్టుకొనెనట. నేడు యునెస్కో ఆ భాషను తీవ్రమైన ప్రమాదములో నున్న భాషగా లెక్కించుచున్నది. దానిని నిలుపుటకు 1977లో 'దివాన్' అను పాఠశాలలు పుట్టినవి. ఆ మాటకు బ్రెటన్ భాషలో మొలక యని యర్థము.

పిదప అవ్వ, "నీ భాషలో ఒక కథ చదివి వినిపింపుము. అర్థము కాకున్నను వినెదను" అనెను. బాలిక యొద్ద తెలుగు పుస్తకము లేదు. ఉన్నను తడబడక చదువలేదు. ఆ రాత్రి నాకు వచ్చిన జాబులో ఒకటే కోరిక: "మాస్టారూ, తెలుగు పుస్తకములు పంపుడు." ఆ జాబు చదివి నేను సిగ్గుపడితిని. తెలుగు మఱచునని ఆమెను ఆపబోయిన నేను, నా పాఠశాలలో ఆమెకు తెలుగుమీద ఆకలి పుట్టింపలేకపోయితిని. మన రాష్ట్రమునందే 2009లో ఒక బడిలో తెలుగు మాటాడిరని పిల్లల మెడలో పలకలు కట్టినట్లు పత్రికలలో చదివి, రెండు దినములు బాధపడి మఱచిన వారిలో నేనును ఒకడను. పుస్తకములు పంపితిని. ప్రతి శనివారము ఆమె అవ్వకు ఒక కథ తెలుగున చదివి, ఫ్రెంచిలో అర్థము చెప్పెను. అవ్వ దానికి బ్రెటన్ మాటలు చెప్పెను.

వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. చేతిలో నేమియు లేనివాడు పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట యెరుగడు. కావున పరదేశమునకు పోదలచిన విద్యార్థి ముందుగా తన యింటిని, తన భాషను ఎరిగి పోవలయును. పోయినచోట అడుగకుండ తీర్పు చెప్పరాదు. పోనిత్తుమా మానుదుమా యని తలంచు తలిదండ్రులకు నేనిప్పుడు చెప్పునది ఒకటే: పంపుడు. మా బాలిక ఒక యేడు వెనుకబడిన మాట నిజమే. ఆ యేడు ఆమెకు నష్టము కాలేదు.

మీలో ఫ్రాన్సు పోవువారు కొందరే యుందురు. కాని మీ తరగతిలోనికి పొరుగు రాష్ట్రమునుండి పనికి వచ్చిన వారి బిడ్డ యెవడైన వచ్చి, భాష తెలియక చివరి వరుసలో కూర్చుండి యుండవచ్చును. అతనికి ఇది పరదేశమే. రేపు బడికి పోగానే మొదట అతనికి నమస్కారము చేయుడు. అతని భాషలో ఒక మాట అడిగి నేర్చుకొనుడు. మీ మాట యొకటి అతనికి నేర్పుడు.