సమాధులు లేని శిలలు

మద్రాసు నగరంలోని సెయింట్ జార్జి కోటలో సెయింట్ మేరీ చర్చి ఉన్నది. సూయజ్‌కు తూర్పున గల ఆంగ్లికన్ చర్చిలలో ఇదే మిక్కిలి ప్రాచీనమైనదని ప్రతీతి. 1680 అక్టోబరు 28న దీని ప్రతిష్ఠ జరిగినది. కాని ఆవరణలో పరచిన సమాధి శిలలను చదువుకుంటూ పోతే, 1652వ సంవత్సరం చెక్కిన రాయి ఒకటి కనబడుతుంది. గుడికంటె గోరీ ఇరవై ఎనిమిదేండ్లు పెద్దది! ఇదెట్లా సంభవించినది?

చర్చి నిర్మాణానికి కంపెనీ ఖజానా నుండి ధనం రాలేదు. గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ పూనికతో, 1678లో, కోటలోని ఉద్యోగులు చందాలు వేసుకొని పని ప్రారంభించారు. ప్రార్థనామందిరమే అయినా, వారు ఫిరంగి గుండ్లను మరువలేదు. గోడలు నాలుగడుగుల మందం. పైకప్పు రెండడుగుల మందంగల కమాను.

ఆ రోజులలో మృతులను కోట వెలుపల, తరువాతి కాలంలో న్యాయకళాశాల వెలసిన స్థలంలో, ఖననం చేసేవారు. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు, ఆ గోరీలే అతని సైనికులకు చాటయినవి. మరుసటి ఫిబ్రవరిలో ముట్టడి విఫలమైనది. అటుపిమ్మట ఆంగ్లేయులు ఒకటి రెండు తప్ప గోరీలన్నింటినీ కూలగొట్టి, పేర్లు చెక్కిన పలకలను చర్చి చుట్టూ పరచినారు. ఇంగ్లీషుతోపాటు లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్ లిపులు కూడా వాటిపై కానవస్తాయి. పేర్లు కోటలోకి వచ్చినవి. మనుషులు మాత్రం వెలుపలనే ఉండిపోయినారు.

చర్చి లోపల మరొక విధమైన కథ ఉన్నది. అది తెలుగువారికి సంబంధించినది. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరుగా రైతువారీ పద్ధతిని నెలకొల్పి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. మొదట ఆయనను గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసుకు తెచ్చి ఈ చర్చిలో నిక్షేపించారు.

రాయలసీమ ప్రజలకు మాత్రం ఆ తరలింపుతో పని లేకపోయినది. వారు తమ బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారు.

బయటి శిలల క్రింద మనుషులు లేరు. లోపల ఉన్న మనిషి పేరు వందల మైళ్ళ దూరాన పల్లెలలో పలికినది. ఈ చర్చిని చూడబోయే పాఠకులు ఆవరణలో అడుగు ఆచితూచి వేయాలి. ఆ పేర్లకు మిగిలిన చోటు అదొక్కటే.